చప్పుడు ఒకచోట, వినిపించేది మరొకచోట

వాహనదారుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: నేను బెంగళూరు బాణసవాడిలో ఉంటాను. పదేళ్ళు దాటిన డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె దగ్గరి మా తోటకు తరచుగా వెళ్ళి వస్తుంటాను. పాత యజమాని బయట బిగించుకున్న స్టీరియో పాడుతూ పాడుతూ ఆగిపోతోంది. తాళం తీసి మళ్ళీ పెడితే స్టేషన్లన్నీ చెరిగిపోతున్నాయి. దీనికి తోడు, గతుకుల మీద డ్యాష్‌బోర్డు మధ్య నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. ఒక దుకాణంలో చూపిస్తే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలన్నారు. స్టీరియోను నేనే బయటకు తీయవచ్చా? చప్పుడు అక్కడిదేనని ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, బాణసవాడి, బెంగళూరు

సమాధానం: నిరభ్యంతరంగా తీయవచ్చు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసినంత పని ఇందులో ఉన్నట్టు నాకు తోచడం లేదు. మీరు చెప్పిన రెండు బాధలకూ మూలం స్టీరియో వెనుకనున్న ఆ చిన్న గూటిలోనే ఉండే అవకాశం ఎక్కువ. అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక పూటను చప్పుడుకే కేటాయించండి. ప్యానెళ్ళు ఊడదీశాక కొత్త చప్పుళ్ళు పుట్టుకొస్తే, వాటిలో పాతదేదో కొత్తదేదో చెప్పడం పనితనం ఉన్న మెకానిక్కుకు కూడా కష్టమే.

మొదట బండిని పూర్తిగా ఖాళీ చేయండి. జాకీ, పానాల సంచి, అరలోని చిల్లర, కళ్ళద్దాల పెట్టె, సీటు కింద దొర్లే నీళ్ళ సీసా వంటివన్నీ ఇంట్లో దించేయండి. పక్క సీటులో ఎవరూ కూర్చోనప్పుడు కూడా ఆ బెల్టును బకిల్‌లో పెట్టి ఉంచండి; వదులుగా వేలాడే బెల్టు నాలుక డోరు పక్క స్తంభానికి కొట్టుకుంటూ ఉంటే అది డ్యాష్‌బోర్డు చప్పుడేనని గంటల తరబడి వెతికినవారు ఉన్నారు. చెవి ఇలా మోసపోవడానికి కారణం లేకపోలేదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తే, ఉక్కులో 5,000 మీటర్ల ప్రాంతంలో ప్రయాణిస్తుంది. చాసిస్ మీద ఎక్కడో వదులైన బ్రాకెట్ కదలిక ఇనుము వెంబడే క్యాబిన్‌లోకి వచ్చి, లోపల బోలుగా ఉండే డ్యాష్‌బోర్డును కదిలిస్తుంది. తంబురాలో మీటేది తీగనైనా మోగేది బుర్ర అయినట్టే ఇక్కడా జరుగుతుంది. పైగా ముందు అద్దం ఆ చప్పుడును తిరిగి మన ముఖం మీదికే కొడుతుంది.

తరువాత పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఏసీ ఫ్యానును, స్టీరియోను ఆపి, అద్దాలు మూసి, రద్దీలేని వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో అవే గతుకుల మీద నడపండి. పక్కనున్నవారు స్టీరియో ముఖాన్ని, ఆ తరువాత ఏసీ గాలి వచ్చే జాలీలను, మీటర్ల చుట్టూ ఉన్న చట్రాన్ని, అరమూతను ఒక్కొక్కటిగా గట్టిగా అదిమి చూడాలి. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం చేయి పెట్టనివ్వవద్దు. స్టీరియోను లోపలికి నొక్కి పట్టినంతసేపూ టకటక ఆగి, వదలగానే మళ్ళీ మొదలైతే మీ అనుమానం నిజమైనట్టే. ఎక్కడ అదిమినా తేడా లేకపోతే అది డ్యాష్‌బోర్డుది కాదు. అప్పుడు స్టీరియోను పాటల కోసం తీయండి గానీ చప్పుడు కోసం తీయవద్దు.

ఇక విప్పే సంగతి. తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను వదులు చేసి, పొరపాటున మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు పెట్టాలి. చాలా బండ్లకు 10 నంబరు పానా సరిపోతుంది. ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే కంపెనీవారి పుస్తకంలో చెప్పినంతసేపు ఆగిన తరువాతే చేయి పెట్టాలి. పసుపు తొడుగుతో గానీ పసుపు కనెక్టరుతో గానీ కనిపించే తీగలు సాధారణంగా ఎయిర్‌బ్యాగువే కనుక వాటి జోలికి పోవద్దు. బయట బిగించిన సెట్టు కాబట్టి మీకు ఈ ఇబ్బంది రాకపోవచ్చు గానీ, కంపెనీ నుంచే వచ్చిన సెట్లలో కొన్ని బ్యాటరీ ఊడదీస్తే రహస్య సంఖ్య అడుగుతాయి. అటువంటి బండి ఉన్నవారు ఆ సంఖ్య చేతిలో ఉంచుకునే మొదలుపెట్టాలి.

స్టీరియో గూడు వెడల్పు 180 మిల్లీమీటర్లు. ఎత్తు ‘డిన్’ అనే స్టీరియో సైజును బట్టి ఉంటుంది: సింగిల్ డిన్ అయితే 50, డబుల్ డిన్ అయితే 100 మిల్లీమీటర్లు. సింగిల్ డిన్ సెట్లలో చాలావాటికి ముఖం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తీయగానే రెండు పక్కలా సన్నని సందులు కనిపిస్తాయి. సెట్టుతోపాటు ఇచ్చే రెండు రేకు తాళాలను ఆ సందులలోకి టిక్కుమనేదాకా తోస్తే పట్టు వదిలి సెట్టు ముందుకు జారుతుంది. డబుల్ డిన్ అయితే ముందు డ్యాష్‌బోర్డు మధ్య ప్యానెల్‌ను ఊడదీయాలి. అది క్లిప్పుల మీద నిలుస్తుంది, దాని వెనుక సెట్టుకు రెండు వైపులా స్క్రూలుంటాయి. ప్యానెల్‌ను స్క్రూడ్రైవర్ మొనతో ఎగదోయకండి. ప్లాస్టిక్ పట్టీ వాడితే గీతలు పడవు. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు ఉదయపు చలికి పాత ప్లాస్టిక్ బిరుసెక్కి క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి కనుక, బండిని కాసేపు ఎండలో నిలబెట్టి ఆ తరువాత పని మొదలుపెట్టడం మేలు. అయినా విరిగితే బెంగళూరులో బండ్ల విడిభాగాలు అమ్మే జె.సి. రోడ్డులో విడిగా దొరుకుతాయి, కానీ పాత క్లిప్పును నమూనాగా వెంట తీసుకెళ్ళండి.

సెట్టు నాలుగు వేళ్ళ మేర బయటికి రాగానే ఆపి, వెనుకకు టార్చి వేసి చూడండి. చాలా సెట్లకు వెనుక భాగాన మధ్యలో ఒక బోల్టు ఉంటుంది. దానికి రబ్బరు బుష్ తొడిగి గూటి వెనుకనున్న రంధ్రంలో కూర్చోబెట్టాలి, లేదా చిల్లులున్న రేకు పట్టీతో లోపలి ఇనుప కడ్డీకి బిగించాలి. హడావిడిలో బిగించేవారు ఎక్కువగా వదిలేసేది ఇదే. అప్పుడు కిలోకు అటూ ఇటూగా బరువుండే సెట్టు ముందున్న పల్చని రేకు చట్రం మీదే ఆధారపడి, ప్రతి గతుకుకూ వెనుక భాగం పైకి లేచి కిందికి పడుతుంది. ఇదే మీ టకటక అయితే ఆనవాలు కంటికి కనిపిస్తుంది: రాసుకున్న చోట రేకు మీద రంగు పోయి గోరంత మెరుపు గీత ఉంటుంది, ప్లాస్టిక్ మీద అయితే నల్లటి సన్నని పొడి పేరుకుని ఉంటుంది. చట్రానికున్న రేకు నాలుకలను డ్యాష్‌బోర్డు అంచుకు ఆనేలా వంచారో లేదో కూడా చూడండి. ఆపైన తీగల కట్టను పరిశీలించండి. కట్టిపడేయకుండా వదిలిన కనెక్టరు ఏసీ గాలిగొట్టానికి తగులుతూ సరిగ్గా మీరు రాసిన చప్పుడే చేయగలదు. తీగలకు ఫెల్ట్ టేపు చుట్టి, గట్టి ఆధారానికి టైలతో కట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఇక్కడ పనికిరాదు. ఎండకు జిగురు కారి నెలల్లోనే ఊడుతుంది.

స్టేషన్లు చెరిగిపోవడం తీగల తప్పే. బయట దొరికే సెట్లలో సాధారణంగా పసుపు తీగ బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందుకోవాలి, ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడే రావాలి, నలుపు ఎర్తు. పసుపును, ఎరుపును తారుమారు చేసినా, రెంటినీ కలిపి తాళం కరెంటుకే ఇచ్చినా సెట్టు పాడుతుంది గానీ తాళం తీయగానే జ్ఞాపకం పోతుంది. బండి వైపు తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి రంగును చూసి కలపకుండా మల్టీమీటరు పెట్టండి. కొలిచేంతసేపు బ్యాటరీని తిరిగి కలిపి, తీగల కొనలు ఒకదానికొకటి గానీ బాడీకి గానీ తగలకుండా చూసుకుంటూ, తాళం తీసి ఉన్నప్పుడు 12 వోల్టుల ప్రాంతంలో చూపించే తీగే పసుపుకు చేరవలసినది. పాట మధ్యలో ఆగడం మెలిపెట్టి టేపు చుట్టిన అతుకుల వల్ల గానీ, వదులైన ఎర్తు వల్ల గానీ జరుగుతుంది. అతుకులను టంకం వేసి వేడికి ముడుచుకునే తొడుగు వేయించండి. ఫ్యూజు కాలితే అదే ఆంపియర్లది వేయాలి, పెద్దది వేస్తే తీగ కాలుతుంది.

ప్యానెల్ మూసే ముందే ఒకసారి ఆ గతుకుల మీద నడిపి చూడండి. అంతా బిగించాక, ఇంజన్ ఆపి ఉంచి, ఫోనులోని టోన్ జనరేటర్ యాప్‌తో 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు శబ్దాన్ని నెమ్మదిగా పెంచుతూ స్టీరియో ద్వారా వినిపించండి. స్పీకర్ జాలీ గానీ డోరు ప్యానెల్ గానీ వదులుగా ఉంటే తనకు తగిన స్థాయి దగ్గర జివ్వుమంటుంది, వేలు ఆనించగానే ఆగుతుంది. రోడ్డు మీద రోజంతా తిరిగినా పట్టుబడనిది ఇలా ఇంటి ముందే పట్టుబడుతుంది.

ప్రశ్న: మా ఫోర్ వీల్ డ్రైవ్‌లో మూడు రకాల చప్పుళ్ళు ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కింద నుంచి రేకు జలజలలాడినట్టు ఒకటి, గతుకుల మీద వెనుక నుంచి లొడలొడమని ఒకటి, ఫోర్ వీల్‌లో వేసి మలుపు తిరిగితే ధన్‌మని ఒకటి. మెకానిక్ సస్పెన్షన్ మొత్తం మార్చమంటున్నారు.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

సమాధానం: సస్పెన్షన్ మాట కాసేపు పక్కన పెట్టండి. మూడూ మూడు వేర్వేరు పరిస్థితుల్లో వస్తున్నాయని మీరే చెప్పారు, కనుక వాటికి ఒకే మందు ఉండదు.

చివరిదానికి కారణం ఎక్కువగా విడిభాగం కాదు, వాడే తీరు. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో (అవసరమైనప్పుడే ఫోర్ వీల్‌లో వేసుకునే రకంలో), అలా వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కొంత జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. బిగువంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుని ధన్‌మని విడుదలవుతుంది. పొడి రోడ్డు మీద టూ వీల్‌లోనే నడపండి. మీది ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం బండి అయితే మాత్రం సంగతి వేరు, వెంటనే చూపించాలి.

ఆగినప్పుడు వినిపించే జలజల దాదాపు ఎప్పుడూ సైలెన్సర్ గొట్టం మీది వేడి అడ్డు రేకుదే. గొట్టం పూర్తిగా చల్లారిన తరువాత పిడికిలితో తట్టి చూడండి. బోల్టు దగ్గర తుప్పు తిని రేకు వదులైతే, వెడల్పాటి స్టీలు హోస్ క్లిప్పుతో బిగించినా చాలాకాలం నిలుస్తుంది. న్యూట్రల్‌లో ఇంజన్ వేగం పెంచినప్పుడు మారే చప్పుడు ఇంజన్, సైలెన్సర్ల వైపుది. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా బండి వేగంతో మారేది చక్రాలదీ, గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుదీ. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

వెనుక లొడలొడకు మొదట వెనుక తలుపును, దానికి తగిలించిన స్టెప్నీని చూడండి. 20 కిలోలకు పైబడిన ఆ చక్రం తలుపు మీదే వేలాడుతుంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపితే తలుపు కూడా కదిలిందంటే కీలుదో, గడియదో, ఆనే రబ్బరు బుడిపెలదో లోపం. తలుపు నిశ్చలంగా ఉండి చక్రమే కదిలితే దాని నట్లు బిగిస్తే చాలు. ఆ తరువాతే మడతపెట్టే సీట్ల కొక్కేలు, లీఫ్ స్ప్రింగులుంటే (పట్టీల కట్టలాంటివి) వాటి చివర కొక్కేల్లోని రబ్బర్లు (షాకిల్ బుష్‌లు), షాకబ్జార్బర్ చివరి రబ్బర్లు వరుసగా చూడాలి. గరుకు రోడ్డు మీద బ్రేకును వేలిముద్రంత తేలికగా తాకితే చప్పుడు ఆగుతోందా అన్నది కూడా గమనించండి. ఆగితే అది బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులదై ఉంటుంది. సస్పెన్షన్ మొత్తం మార్పించినా ఆ చప్పుడు అలాగే ఉండిపోయేది.

ప్రశ్న: గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఫోర్ వీల్ గేరు కడ్డీ ఒకటే గిరగిరలాడుతోంది. కడ్డీ అడుగున ఉండే రబ్బరు తొడుగు (బూట్) లోపల ఫోమ్ కూరితే సరిపోతుందన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్స్ సిటీ, బెంగళూరు

సమాధానం: కడ్డీని చేత్తో పట్టుకోగానే ఆగిపోతే అది అడుగున అరిగిన ప్లాస్టిక్ లేదా రబ్బరు బుష్‌ల పని, వాటిని మార్పించండి. ఫోమ్ తాత్కాలికం. అక్కడ చేరిన నీటిని పీల్చుకుని రేకుకు తుప్పు పట్టిస్తుంది, అంతకంటే ముఖ్యంగా కింద నుంచి వచ్చే మరో చప్పుడును కప్పేస్తుంది. కడ్డీని పట్టుకున్నా అదే వేగం దగ్గర అరికాళ్ళకు వణుకు తెలుస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్టు యూజే క్రాస్‌లు (షాఫ్టు చివర వంగేలా ఉండే కూడలి ముక్కలు) చూపించండి. క్లచ్ వదిలి బండి కదిలే క్షణంలో టక్కుమన్నా అనుమానం వాటి మీదికే పోతుంది. గ్రీజు నిపుల్ ఉన్నవైతే గ్రీజు కొట్టించి, మళ్ళీ కదలిక చూడమనండి. క్రాస్ దగ్గర చేతికి వదులు కదలిక తెలిస్తే గ్రీజుతో లాభం లేదు, మార్చవలసిందే. షాఫ్టు విప్పేటప్పుడు రెండు అంచుల మీద సుద్దతో గుర్తు పెట్టి, తిరిగి అదే గుర్తుకు బిగించమని చెప్పండి. తప్పితే క్రాస్ కొత్తదైనా వణుకు మిగిలిపోవచ్చు.