పోరుపడవకు నౌక బిరుదు

సందేహం: స్వీడన్ నౌకాదళం వాడే సీబీ-90 గురించిన వార్తలో ఒకచోట ‘యుద్ధనౌక’ అనీ, ఇంకోచోట ‘గన్‌బోటు’ అనీ రాశారు. పదహారు మీటర్ల పొడవున్నది నౌక ఎలా అవుతుంది? దీన్ని తెలుగులో ఏమనాలి? ఓడల వేగాన్ని నాట్‌లలో కొలుస్తారు కదా, దాని వేగం ‘40 నాట్లు’ అని రాయవచ్చా?

సమాధానం: పుట్టుక చూస్తే నౌక అన్నవారిది తప్పు కాదు. సంస్కృతంలో ‘నౌ’ అంటే ఓడ, పడవ ఏదైనా కావచ్చు. దానికి ‘క’ చేరితే చిన్నదనే అర్థం వస్తుంది. అంటే నౌక మొదట్లో చిన్న పడవే. బెంగాలీలో ఇప్పటికీ తెడ్డు వేసే పడవనే నౌకా అంటారు. మన దగ్గరికి వచ్చి అది పెద్దదైపోయింది! ఇలాంటి తారుమారు ద్రావిడ భాషల్లోనూ ఉంది. తమిళులకు ‘ఓడం’ పడవ, మనకు ‘ఓడ’ పెద్దది. మన ‘పడవ’కు తోబుట్టువైన ‘హడగు’ కన్నడంలో ఓడ.

అయితే మాటకు అర్థం ఇచ్చేది వాడుక. యుద్ధనౌక అనగానే తెలుగువాడి కళ్ల ముందు నిలిచేది విశాఖ రేవులో కనిపించేంత పెద్దది. సీబీ-90 తీరు వేరు. మునిగి ఉండే భాగం మీటరు లోతు కూడా లేదు. నీటిని వెనక్కి చిమ్ముతూ ముందుకు దూసుకుపోతుంది, లోతులేని చోటికీ వెళుతుంది. ముందువైపు తలుపు తెరుచుకుంటే ఇరవై మంది దాకా సైనికులు నేరుగా ఒడ్డుకు దూకేయవచ్చు. తుపాకులు ఉన్నా అసలు పని మనుషుల్ని దించి, ఎక్కించుకుని రావడం కనుక గన్‌బోటు అన్నా అతకదు.

స్వీడన్‌వాళ్లు పెట్టుకున్న పేరు ‘స్ట్రిడ్స్‌బోట్’. ‘స్ట్రిడ్’ అంటే పోరు, ‘బోట్’ అంటే పడవ. మనమూ ‘పోరుపడవ’ అనవచ్చు. ఇంటిపోరు గుర్తొచ్చి నవ్వేవాళ్లుంటే ‘దాడి పడవ’ అనండి. ‘యుద్ధపడవ’ సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అతికించిన వైరి సమాసమని పాతకాలపు పండితులు గొడవపడతారు. యుద్ధట్యాంకు రోజూ రాస్తున్నవాళ్లకు ఆ భయం అక్కర్లేదనుకోండి!

మరి లాంచీ? మలయ్ భాషలో వడిగా పోయేదని అర్థమున్న మాట నుంచి పోర్చుగీసు ‘లాంచా’, దాన్నుంచి ఇంగ్లీషు లాంచ్ వచ్చాయని పరిశోధకులు చెబుతారు. అర్థం చక్కగా సరిపోతుంది. కానీ గోదావరివాళ్లకు లాంచీ అంటే పాపికొండల ప్రయాణం గుర్తొస్తుంది, సైనికులు కాదు.

ఇక ‘40 నాట్లు’ వద్దు. మనకు నాట్లు వరిచేలో పడతాయి. ‘40 నాట్‌ల వేగం’ అని విడదీసి రాయండి, లేదా గంటకు సుమారు 74 కిలోమీటర్లు అనండి. ఆ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.