బెంగళూరు నుంచి ఓరియన్ నెబ్యులా కనిపిస్తుందా? ఫోటోల్లోలా గులాబీ రంగులోనే ఉంటుందా?

కనిపిస్తుంది. నెబ్యులా అంటే అంతరిక్షంలో వాయువు, ధూళి కలిసిన మేఘం. గులాబీ రంగు మాత్రం మర్చిపోండి.

ఈ ఊళ్ళో చందమామ తప్ప ఏమీ కనపడదనేవాళ్ళు తలెత్తి చూడని బాపతు. నేను మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ డాబా మీంచి ఏటా చూస్తూనే ఉన్నాను, మామూలు 10×50 (పది రెట్లు పెద్దగా చూపించే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్న) బైనాక్యులర్‌తో. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదింటికల్లా ఓరియన్ నక్షత్రరాశి దాదాపు నడినెత్తికి వచ్చేస్తుంది. మా నాయనమ్మ గొల్లకావిడి అని చూపించే మూడు చుక్కల కింద ఇంకో చిన్న వరస వేలాడుతుంటుంది. అందులో నడిమిదే మీరడిగిన నెబ్యులా.

మొన్న సంక్రాంతి సెలవులకి విజయవాడ నుంచి మా మేనకోడలు వచ్చింది. తొమ్మిదో తరగతి. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు ఫోటోలు ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకునే పిల్ల. చేతులు కదిలితే ఏదీ నిలవదు కాబట్టి మోచేతులు వాటర్ ట్యాంకు ఇనప నిచ్చెనకి ఆనించి చూడమన్నాను. కాసేపు చూసి, "మావయ్యా, అద్దం తుడిచావా? మరకలా ఉందేంటి?" అంది. "ఆ మరకే. సూటిగా చూడకు, కొంచెం పక్కకి చూడు" అన్నాను. "అమ్మో, పెద్దదవుతోంది! మళ్ళీ సూటిగా చూస్తే చిక్కిపోతోంది!" అని ఒకటే గోల. మసక వెలుగుని పట్టే కణాలు కంటి నడిమధ్యన ఉండవు మరి. ఎక్కడ నేర్పిస్తున్నారండీ ఇలాంటివి? కోచింగుల్లో ఫార్ములాలు బట్టీ పట్టిస్తారు గానీ ఒక్కసారి డాబా ఎక్కించరు.

రంగు సంగతికొస్తే, అక్కడి హైడ్రోజన్‌ని తీటా వన్ ఓరియానిస్ సి అనే కుర్ర నక్షత్రం తన అతినీలలోహిత కాంతితో చితక్కొడుతుంది. ఊడిపోయిన ఎలక్ట్రాన్లు తిరిగొచ్చి చేరేటప్పుడు 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రటి వెలుగొస్తుంది. కెమెరాకి అది ఇష్టం, చీకట్లో మన కంటికి ఎరుపు ఆనదు. 500 నానోమీటర్ల ఆకుపచ్చే కాస్తో కూస్తో అందుతుంది, అదీ పెద్ద టెలిస్కోపులో. ఆ ఆకుపచ్చ ఎక్కణ్ణుంచొస్తోందో తెలియక పూర్వం నెబ్యులియం అని ఓ కొత్త మూలకాన్నే పుట్టించారు. 1927లో ఐరా బోవెన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త, అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజనే అని తేల్చేశాడు.

నన్నడిగితే బూడిద రంగు మరకే అసలు సరుకు. దాని దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. ఆ పిల్ల కంట్లో పడిన వెలుగు బయల్దేరేసరికి వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు, నన్నయ రావడానికి ఇంకా మూడొందల ఏళ్ళ పైమాటే. వాల్‌పేపర్‌లో ఈ మజా ఎక్కడుంది?

ఆకాశం చూసేవాళ్ళకి అసలు శత్రువు వీధుల్లోని తెల్ల ఎల్‌ఈడీలు. పాత సోడియం దీపాల పసుపుని ఫిల్టర్ సులువుగా అడ్డుకునేది, ఈ తెలుపు అన్ని రంగుల్లోకీ పాకుతుంది. కోరమంగళలో ఖగోళ సంస్థ ఉన్నా, ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు టెలిస్కోపుల్ని తమిళనాడులోని కావలూరు కొండల్లో పెట్టించింది ఊరికే కాదు. మా అసోసియేషన్ వాళ్ళు సెక్యూరిటీ పేరు చెప్పి డాబా మీద కూడా ఫ్లడ్ లైటు బిగించారు. దొంగ పదో అంతస్తుకి పైనుంచి దిగుతాడు కాబోలు!

ఇంకోటి, డబ్బా మీద 525 రెట్లు అని రాసి అమ్మే బొమ్మ టెలిస్కోపుల జోలికి పోకండి. బైనాక్యులర్ కొనుక్కుని, దాన్ని ట్రైపాడ్‌కి బిగించే అడాప్టర్ అడిగి మరీ తీసుకోండి.