క్యోటోలో ఫొటోలకు అనువైన చోట్లు ఏవి?

ఒక్క రోజే ఉండేవారికి నా మొదటి సూచన ఫుషిమి ఇనారి. 233 మీటర్ల కొండ మీదికి వేలాది సిందూరవర్ణపు ‘తోరీ’ తోరణాల కింద సాగే ఈ ఆలయ మార్గం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది, ప్రవేశ రుసుము కూడా లేదు. కనుక సూర్యోదయానికే చేరుకొని, జనం గుమిగూడే దిగువ భాగాన్ని దాటి పైకి నడిస్తే, మనుషులు అడ్డురాని తోరణాల వరుస దొరికే అవకాశం ఎక్కువ. అక్కడ తొందరపడకండి, మలుపుల దగ్గరే మంచి చిత్రాలు వస్తాయి.

1950లో దగ్ధమై 1955లో పునర్నిర్మితమైన కింకకుజి బంగారు మందిరాన్ని, గాలి లేని వేళ కొలను ఇవతలి నుంచి తీస్తే ప్రతిబింబం చెదరదు. అరషియామా వెదురువనానికి ఉదయమే మేలు. గెయిషాలకు (సంప్రదాయ కళాకారిణులకు) పేరొందిన గియోన్ పేటలోని ప్రైవేటు సందుల్లో మాత్రం ఫొటోలు నిషిద్ధం. ఉల్లంఘిస్తే 10,000 యెన్‌లు కట్టాలన్న హెచ్చరికలు అక్కడ కనిపిస్తాయి.