బరువు తగ్గించే ఇంజెక్షన్‌కు ఎఫ్‌డీ తీయాలా?

కావలి నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు, బట్టల కొట్టు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 112 కిలోలు. షుగర్ మందులకు లొంగడం లేదు. నెల్లూరులో డాక్టరుగారు బరువు తగ్గడానికి వారానికో ఇంజెక్షన్ గానీ ఆపరేషన్ గానీ అన్నారు. పాప ఇంజినీరింగ్ కోసం దాచిన 4 లక్షల ఎఫ్‌డీ తీయాలా, నగలు తాకట్టు పెట్టాలా? నాలుగేళ్లు నిండిన 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది, షుగర్ సంగతి అందులో రాశాం.

రెండూ వద్దమ్మా. ముందు పాలసీ కాగితం బయటికి తీయండి.

ఇంజెక్షన్‌కు ఆస్పత్రిలో చేరనక్కర్లేదు కాబట్టి మామూలు పాలసీలు డబ్బివ్వవు. ఈ రకం ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా 4,375 రూపాయలు. వారానికొకటి చొప్పున ఏడాదికి రెండు లక్షల పైమాటే, మీ ఎఫ్‌డీ రెండేళ్లు కూడా రాదు. పైగా మానేస్తే బరువు మళ్లీ వస్తుంది. ఇదే రకం మరో మందు సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికల్లా, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు ఒక అధ్యయనంలో తేలింది. ఎప్పటికి ఆగుతుందో తెలియని ఖర్చుకు నగలు పెడితే వడ్డీ ఒక పక్క, మందు ఒక పక్క. కొట్టు మీద నెలనెలా మిగిలే దాంట్లోంచి పెట్టగలిగితేనే మొదలుపెట్టండి. సెమాగ్లూటైడ్‌లో మన కంపెనీల మందు చవకగా దొరుకుతుందేమో డాక్టరుగారినే అడగండి.

ఆపరేషన్ సంగతి వేరు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) కనీసం 40 ఉన్నా, లేదా కనీసం 35 ఉండి, అదుపులో లేని టైప్ 2 షుగర్ లాంటి జబ్బుండి మిగతా పద్ధతులు పనిచేయకపోయినా పాలసీ వర్తించేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. మీ ఆయనది 38 దాటింది. మెలిక ఆ ‘మిగతా పద్ధతులు’ దగ్గరే: తిండి తగ్గించాం, నడిచాం అని నోటితో చెబితే ఒప్పుకోరు. డైటీషియన్ చీటీలు, నెలనెలా బరువు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు, డాక్టరు రాత, అన్నీ తేదీలతో ఉండాలి. ఇప్పటిదాకా లేకపోతే ఈ నెల నుంచే మొదలుపెట్టించండి. పనిచేసిందా, ఆపరేషనే తప్పుతుంది. లేదా, క్లెయిమ్‌కు ఆధారం మిగులుతుంది. (నెలకు పది కిలోలు తగ్గిస్తామనే పొడుల ప్యాకేజీలకు మాత్రం ముందుగా పైసా కట్టకండి.)

చేరే ముందే ఆస్పత్రి ద్వారా బీమా కంపెనీ ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తెప్పించుకోండి. పాలసీలో ఈ ఆపరేషన్‌కు విడిగా పరిమితి ఉందేమో చూడండి. తర్వాత జీవితాంతం వాడే విటమిన్లు, రక్తపరీక్షలు మీ చేతి ఖర్చే. ఎఫ్‌డీ గడువు తీరితే మళ్లీ ఐదేళ్లకు వేయకుండా పాప ఫీజు కట్టే నెలకు చేతికొచ్చేలా వేయండి.