సూది మొదలుపెట్టే ముందు

అమ్మలూ, పెద్దమ్మ ఆశీస్సులు.

బరువు తగ్గడానికి వారం వారం వేసుకునే ఇంజెక్షన్ మొదలుపెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. నీ ఆరోగ్యం సంగతి నువ్వే పట్టించుకుంటున్నందుకు గర్వంగా ఉంది. మౌంజారోనా, వెగోవీనా అని మెడికల్ షాపులో అడిగావని విన్నాక మాత్రం గుండె గుభేలుమంది. మన బెజవాడ సూర్యారావుపేట నిండా డాక్టర్లుంటే కౌంటర్లో కుర్రాణ్ణి అడుగుతావా?

రెంటినీ పోల్చి చూసిన పరిశోధన 2025లో వచ్చింది. 72 వారాల్లో మౌంజారోలోని టిర్జెపటైడ్‌తో సగటున 20 శాతం, వెగోవీలోని సెమాగ్లూటైడ్‌తో 14 శాతం దాకా బరువు తగ్గారు. తూకమే చూస్తే మొదటిది మేలు. మీ నాన్నలా స్టెంటు పడ్డవాళ్లకైతే నేను వెగోవీ వైపే మొగ్గుతాను. గుండెజబ్బు ఉన్నవాళ్లకు గుండెపోటు ముప్పు తగ్గిస్తుందని దానికి గట్టి రుజువుంది.

నీ లెక్క వేరు. వచ్చే ఏడాది పిల్లల్ని కనాలనుకుంటున్నారుగా. గర్భానికి ముందే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలలు, టిర్జెపటైడ్ కనీసం ఒక నెల ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు గర్భనిరోధక మాత్రల్ని నమ్ముకోవద్దు, కండోమ్ కూడా వాడాలి. డాక్టరు దగ్గర ఈ మాటకు సిగ్గుపడకు తల్లీ.

నా భయమంతా డోసు దగ్గరే. మౌంజారో 2.5 మిల్లీగ్రాములతో మొదలు, నాలుగు వారాల తర్వాత 5. వెగోవీ 0.25, తర్వాత 0.5, 1, 1.7, 2.4, మెట్టుకు నాలుగు వారాలు. మొదటి డోసు బరువు తగ్గించడానికి కాదు, ఒంటికి అలవాటు చేయడానికి. అది తెలియక, నెలైనా తూకం ముల్లు కదల్లేదని రెండు మెట్లు ఒకేసారి ఎక్కేస్తారు. కొందరు ఊరెళ్లి మూడు నాలుగు వారాలు మానేసి, వచ్చాక పాత పెద్ద డోసే పొడుచుకుంటారు. ఈ మందు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తుంది; ఒక్కసారిగా పెంచితే తిన్నది అక్కడే నిలిచి వాంతులు పట్టుకుంటాయి. గుక్కెడు నీళ్లు కూడా నిలవవు. మన బెజవాడ రోహిణి కార్తెలో రెండు రోజులు అలా గడిస్తే ఒంట్లో నీరు పోయి కిడ్నీలకే చేటు. వికారం తగ్గకపోతే పాత మెట్టు మీదే ఇంకో నెల ఉండు, ఎవరితోనూ పందెం లేదు. ఒకటి మానేసి రెండోది మొదలుపెట్టినా ఏ డోసుతో అన్నది డాక్టరే చెప్పాలి.

మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గోడకు ఆనించకు, గడ్డకడితే పారేయడమే. పొట్ట, తొడల మీద చోటు మారుస్తూ వేసుకో. సాయంత్రం మిరపకాయ బజ్జీలు మానెయ్. ఆకలి లేదని పస్తుండకు. గుడ్లు, పప్పు, పెరుగు తప్పక తిను, బరువులెత్తే వ్యాయామం చెయ్. లేదంటే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది. మానేస్తే బరువు మళ్లీ వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి పోయిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఖర్చు లెక్క ఏడాదికి పైగా వేసుకో.

మన వాళ్లలో ఎవరికైనా మెడల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, నీకెప్పుడైనా ప్యాంక్రియాస్ (క్లోమం) వాపు వచ్చిందా అన్నది ముందే డాక్టరుకు చెప్పు. పైకడుపులో మొదలై వీపులోకి పాకే విడవని నొప్పి వస్తే రాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తు, దారిలో నాకు ఫోన్ చెయ్.