బస్ స్టాప్‌లో టైములు రాసుకునే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. ఏడాదిగా వాతావరణ మార్పు మీద పనిచేసే పిల్లల బృందంతో తిరుగుతోంది. సిటీ బస్సులు పెంచమని ప్లకార్డులు పట్టుకోవడం, అర్జీలు ఇవ్వడం, వారానికి రెండు రోజులు బస్ స్టాప్‌లో నిలబడి ఏవో టైములు రాసుకోవడం. మార్కులు కాస్త తగ్గాయి. కోపమొచ్చి ఆ నోట్‌బుక్ తీసి బీరువాలో పెట్టేశాను. అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంజినీరింగ్ వద్దట, ‘క్లైమేట్ కోసం పనిచేస్తా’ అంటోంది. అలాంటి ఉద్యోగాలు ఉంటాయా? ఏదైనా కేసులో ఇరుక్కుంటే భవిష్యత్తు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫోటో పంపుతున్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పేజీ సంగతే మాట్లాడుకుందాం. ఫోటోను పెద్దది చేసి చూశాను. స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసుకుంది: రావాల్సిన టైం, వచ్చిన టైం, లోపల చోటు ఉందా లేదా, ఎక్కలేక మిగిలిపోయినవాళ్లు ఎంతమంది. ఒకచోట ఒకే నంబరు బస్సులు రెండు, 8.05కి ఒకటి, 8.07కి ఒకటి. ఆ తర్వాతది 8.41కి. దాని కింద రెండు గీతలు గీసి ‘రెండూ ఒకేసారి ఎందుకు?’ అని రాసుకుంది. మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ‘వీల్‌చైర్ తాతగారు మూడు బస్సులు వదిలేశారు’ అని ఉంది.

ఇలాంటి సర్వేలు జీతాలిచ్చి చేయిస్తారమ్మా. ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌లో మొదటి మెట్టు ఇదే. మీ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే అక్కడ నిలబడింది. పైగా తను వేసుకున్న ప్రశ్న ఆ రంగంలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలలు పట్టుకునే ప్రశ్న.

రెండు బస్సులు జంటగా ఎందుకు వస్తాయంటే, ముందు బస్సు ఎక్కడో సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగిందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాప్‌లో జనం ఇంకాస్త పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కేసరికి బస్సు ఇంకా లేటవుతుంది. వెనక బస్సుకు జనం తక్కువ కాబట్టి అది త్వరత్వరగా కదిలి ముందుదాన్ని పట్టేస్తుంది. డ్రైవర్ తప్పేమీ లేదు. టైంటేబుల్ వేసేటప్పుడు చివరి స్టాప్‌లో కొన్ని నిమిషాల వెసులుబాటు పెట్టడం, రోడ్డు మీద బస్సుకు విడిగా లేన్ ఇవ్వడం, ముందే టికెట్ తీసుకుని అన్ని తలుపుల నుంచీ ఎక్కనివ్వడం లాంటివి చేస్తే ఇది తగ్గుతుంది.

దీనివల్ల జనానికి పడే దెబ్బ ఎంతో చిన్న లెక్కలో చూపిస్తాను. మీ అమ్మాయికి కూడా చూపించండి. బస్సులు సరిగ్గా 15 నిమిషాలకొకటి వస్తే, టైం చూసుకోకుండా వచ్చిన మనిషి సగటున ఏడున్నర నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు ఒకసారి 5 నిమిషాలకు, ఒకసారి 25 నిమిషాలకు వస్తే? గంటకు బస్సులు అవే నాలుగు. కానీ ఎక్కువమంది ఆ పెద్ద విరామంలోనే స్టాప్‌కి వస్తారు కాబట్టి సగటు నిరీక్షణ దాదాపు 11 నిమిషాలవుతుంది. ఒక్క బస్సు కూడా తగ్గలేదు, ఎదురుచూపు మాత్రం దాదాపు సగం పెరిగింది. కాగితం మీద ‘15 నిమిషాలకొక బస్సు’ అని ఉన్నా జనం స్కూటర్లు కొనుక్కునేది ఇందుకే. ఈ లెక్కకు కావాల్సింది పన్నెండో తరగతి ప్రాబబిలిటీ. ఆ చాప్టర్ ఎందుకు చదవాలో మీరు నచ్చజెప్పే పని ఉండదిక.

క్లైమేట్‌కీ బస్సుకీ సంబంధం ఏమిటని మీరు అడగలేదు గానీ, తెలిస్తే అమ్మాయి పట్టుదల అర్థమవుతుంది. ఇంధనాలు కాల్చడం వల్ల ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు రవాణాదే. అందులో ఎక్కువ భాగం రోడ్ల మీద తిరిగే బళ్లది. 2018 ఆగస్టులో స్వీడన్ పార్లమెంటు ముందు పదిహేనేళ్ల గ్రెటా థన్‌బెర్గ్ వాతావరణ మార్పు మీద నిరసనగా ఒంటరిగా కూర్చున్నప్పటి నుంచి ఈ పిల్లల ఉద్యమం చాలా ఎదిగింది. 2024 మార్చి 1న జర్మనీలో ఈ ఉద్యమానికే చెందిన ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ యువత, బస్సులు ట్రామ్‌లు నడిపే కార్మికులున్న వెర్డీ యూనియన్‌తో కలిసి వీధిలోకి వచ్చింది. డ్రైవర్లకు మంచి జీతం, విశ్రాంతి లేకపోతే నడిపేవాళ్లు దొరకరు, కొన్న బస్సులు డిపోలోనే ఉంటాయి. ఆ సంగతి గ్రహించిన పిల్లలు వాళ్లు. ఆ పరిణతి నాకు చాలా నచ్చింది.

ఇక చదువు. ‘క్లైమేట్’, ‘సస్టైనబిలిటీ’ అని పేరులో ఉన్న డిగ్రీల వెంట ఇప్పుడే పడనివ్వకండి. కొన్ని బాగానే ఉంటాయి, కొన్నింటిలో అన్నీ పైపైన చెప్పి పంపిస్తారు. డిగ్రీలో పునాది గట్టిగా పడాలి. సివిల్ ఇంజినీరింగ్, ప్లానింగ్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, జాగ్రఫీ, వీటిలో ఏదైనా సరే. తర్వాత ట్రాన్స్‌పోర్టేషన్‌లో మాస్టర్స్ చేయొచ్చు. ఇంజినీరింగ్ వద్దంటున్నది విసుగుతోనా, నిజంగా ఆసక్తి లేకనా అన్నది మెల్లగా కనుక్కోండి. సివిల్‌లో ట్రాఫిక్, ట్రాన్స్‌పోర్టేషన్ అనే విభాగం ఉంటుందని చాలామంది పిల్లలకు తెలియదు. వాళ్లకు సివిల్ అంటే సిమెంటు, బ్రిడ్జిలే. బ్రెజిల్‌లోని కురితీబాలో 1974లో బస్సులకు విడిగా దారులు తెచ్చిన మేయర్ జైమీ లెర్నర్ చదివింది ఆర్కిటెక్చర్. అంటే దారులు చాలా ఉన్నాయి.

ఉద్యోగాల్లో నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునేది షెడ్యూలింగ్. ఉన్న బస్సులు, ఉన్న డ్రైవర్లు, వాళ్ల డ్యూటీ గంటలు, రద్దీ వేళలు, అన్నీ కుదిరేలా టైంటేబుల్ అల్లే పని. చాలా తెలివైన పని, తక్కువమందికి తెలిసిన పని. రూట్ల ప్లానింగ్, బస్సు వచ్చేసరికి గ్రీన్ పడేలా సిగ్నళ్లు సర్దడం, టికెట్ డేటా విశ్లేషణ, ఛార్జీలూ సబ్సిడీల లెక్కలు చూసే పాలసీ ఉద్యోగాలు కూడా ఉన్నాయి. ఇవి రవాణా సంస్థల్లో, నగరపాలక సంస్థల్లో, కన్సల్టెన్సీల్లో దొరుకుతాయి. దాచకుండా చెబుతాను, ప్రభుత్వ నియామకాలు నెమ్మదిగా జరుగుతాయి, మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువ ఉండొచ్చు. అందుకే ఏ డిగ్రీ చేసినా ప్రోగ్రామింగ్ భాష పైథాన్, మ్యాపులతో పనిచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోమనండి. రెండూ ఉచితమే. చాలా నగరాలు బస్సుల టైములను జీటీఎఫ్ఎస్ అనే ఒకే తరహా ఫైళ్లలో అందరికీ ఇస్తున్నాయి. వాటితో ఇంట్లో కూర్చునే సాధన చేయొచ్చు. ఈ నైపుణ్యం ఉంటే వేరే రంగాల తలుపులూ తెరిచే ఉంటాయి.

చదువు ఉద్యమానికి కూడా పనికొస్తుంది. ఎస్టోనియాలోని టాలిన్ నగరం 2013 నుంచి తన నివాసులకు బస్సు, ట్రామ్ ప్రయాణం ఉచితం చేసింది. కానీ కార్ల వాడకం ఆశించినట్టు తగ్గలేదు. ఛార్జీ తీసేస్తే పేదవాళ్లకు మేలే, అది చిన్న విషయం కాదు. కారు దించి బస్సు ఎక్కించడానికి మాత్రం తరచుగా, నమ్మకంగా వచ్చే బస్సు కావాలి. మీ అమ్మాయి బృందం ఏది అడగాలో ఇలాంటివి తెలిస్తేనే తేలుతుంది.

కేసుల భయం గురించి. అనుమతి ఉన్న సభలు, అర్జీలు, సర్వేలు – వీటికి భయపడక్కర్లేదు. రోడ్డు దిగ్బంధం లాంటివాటికి మాత్రం ఇప్పుడు వద్దని మీరు గట్టిగా చెప్పొచ్చు, తను ఇంకా మైనరు. బృందాన్ని నడిపేది ఎవరో ఒకసారి వెళ్లి కలవండి. తల్లి వచ్చి అడిగితే సరిగ్గా జవాబు చెప్పని బృందంతో తిరగనివ్వకండి. పరీక్షలయ్యే దాకా బస్ స్టాప్ పని వారానికి ఒక రోజే అని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. మార్కులు పడిపోతే పైన చెప్పిన కోర్సులేవీ రావని నా మాటగా చెప్పండి.

ఆ ఒక్క రోజు చేసే పని కాస్త పదునుగా ఉంటే చాలు. నెల రోజుల అంకెలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, రెండు పేజీల నోట్ తయారు చేసి, డిపో మేనేజర్‌ని అరగంట టైం అడగమనండి. వెళ్లే ముందు ఇద్దరు ముగ్గురు డ్రైవర్లతో, కండక్టర్లతో మాట్లాడాలి. ఎక్కడ ఎందుకు లేటవుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ‘బస్సులు పెంచండి’ అంటే ఆయన పై అధికారుల పేరు చెప్పి పంపించేస్తారు. ‘ఉదయం జంటగా వస్తున్న రెండింటిలో ఒకదాన్ని పదిహేను నిమిషాలు వెనక్కి జరపండి, ర్యాంప్ ఉన్న బస్సును ఆ ట్రిప్పుకి వేయండి’ అంటే ఆయన చేతిలో ఉన్న పని కావచ్చు. కాదంటే ఎందుకు కాదో రాసుకుని రావాలి. రేపు కాలేజీ ఇంటర్వ్యూలో ఆ రెండు పేజీలు ఏ సర్టిఫికెట్‌కన్నా ఎక్కువగా మాట్లాడతాయి.

మ్యాథ్స్ మార్కులు, పరీక్షల తేదీలు నాకు రాసి పంపండి, కోర్సుల జాబితా విడిగా ఇస్తాను. ఈలోగా నోట్‌బుక్ బీరువాలోంచి తీసి తనకు ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఆ వీల్‌చైర్ తాతగారు చివరికి ఏ బస్సు ఎక్కారో అడగండి. పేజీలో అది రాయలేదు, నాకూ తెలుసుకోవాలని ఉంది.