పేరు తీసేసిన స్కానులో ఇంకేం మిగిలి ఉంటుంది?

ప్రశ్న: రేడియాలజీ పీజీ చేస్తున్నాను. థీసిస్ కోసం 200 మంది ఛాతీ సీటీలు, కొన్ని అల్ట్రాసౌండ్ బొమ్మలు ఒక ఇంజినీరింగ్ బృందానికి ఇవ్వాలి. స్కాన్లు చూసే సాఫ్ట్‌వేర్ (వ్యూయర్)‌లో ‘అనానిమైజ్’ నొక్కితే పేరు పోతోంది. అంతటితో సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: సరిపోదమ్మా. ఆ బటన్ చాలా వ్యూయర్లలో పేరు, నంబరు, పుట్టిన తేదీ లాంటి నాలుగైదు గళ్లను ఖాళీ చేసి ఊరుకుంటుంది. స్కాన్లను దాచే ప్రామాణిక ఫైలు రూపం డైకామ్. ఆ ఫైల్లో బొమ్మతో పాటు పెద్ద హెడర్, అంటే వివరాల పట్టిక, ఉంటుంది. (కింద బ్రాకెట్లలో ఉన్నవి గళ్ల నంబర్లు, వాటిలో మొదటి సగం గ్రూపు సంఖ్య.) రోగి పేరు (0010,0010), ఆస్పత్రి నంబరు (0010,0020) అందరికీ తెలిసినవే. పంపిన డాక్టరు పేరు (0008,0090), ఆస్పత్రి పేరు (0008,0080), ఆ స్కానుకు ఇచ్చిన యాక్సెషన్ నంబరు (0008,0050) కూడా అందులోనే ఉంటాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఓపీ రద్దీలో కన్సోల్ ముందు కూర్చున్నవాళ్లు పేరు గడిలోనే ‘మునెమ్మ కె 52 చంద్రగిరి’ అని కొట్టేస్తారు. కామెంట్ల గడిలో ఫోన్ నంబరు దూరుతుంది. కాబట్టి ఏవి తీసేయాలో జాబితా రాసుకోకండి, ఏవి ఉంచాలో రాసుకోండి: బొమ్మ తెరుచుకోవడానికి తప్పనిసరైన గళ్లు, స్కాన్ ఎలా తీశారో చెప్పే స్లైస్ మందం, పిక్సెల్ స్పేసింగ్, కేవీపీ, కెర్నెల్, రీస్కేల్ విలువలు, ఇంకా వయసు, లింగం. (యూఐడీలు, తేదీల సంగతి కింద చెప్తాను.) జాబితాలో లేనిదేదైనా పోవాల్సిందే. గ్రూపు సంఖ్య బేసిగా ఉన్న గళ్లు మెషీన్ కంపెనీల సొంత గళ్లు. సీటీలో వాటిని మొత్తంగా కొట్టేయండి. (డిఫ్యూజన్ ఎమ్మారైలో మాత్రం తొందరపడకండి, కొన్ని మెషీన్లు ఆ బొమ్మల లెక్కకు కావలసిన బీ-విలువల్ని అక్కడే దాస్తాయి.) ఏ గడిని ఏం చేయాలో డైకామ్ ప్రమాణం 15వ భాగంలో పట్టికే ఉంది. ఉచితంగా దొరికే ఆర్థాంక్, సీటీపీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ పట్టిక ప్రకారం పనిచేయగలవు.

యూఐడీల (ఒక్కో స్కానుకూ, సిరీస్‌కూ, స్లైసుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యల) దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. పాతవి ఉంచితే ప్యాక్స్‌లో (ఆస్పత్రి స్కాన్లన్నీ దాచే సర్వర్‌లో) వెతికి మనిషిని పట్టుకోవచ్చు, ఖాళీ చేస్తే 300 స్లైసులు చెల్లాచెదురవుతాయి. ప్రతి పాత యూఐడీకి ఒక కొత్తది ఇచ్చి, అది కనబడిన ప్రతిచోటా అదే వాడాలి. తేదీలకు ఒక్కో రోగికి ఒక్కో సంఖ్య ఎంచుకోండి. 137 అనుకుంటే ఆ మనిషి తేదీలన్నీ 137 రోజులు వెనక్కి జరపండి. రెండు సీటీల మధ్య ఎడం చెడదు.

నంబరును హ్యాష్ చేశాం (ఒక సూత్రంతో గజిబిజి అక్షరాలుగా మార్చాం) కదా అని ధీమా పడేవాళ్లూ ఉన్నారు. ఆరంకెల నంబర్లు ఎన్నున్నా 10 లక్షలే. అన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చి చూడటం మామూలు ల్యాప్‌టాప్‌కు సెకన్ల పని. నంబరుతో ఏ సంబంధమూ లేని కోడ్ ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదో రాసుకున్న ఎక్సెల్ షీటే అసలు తాళంచెవి. అది బొమ్మలున్న హార్డ్‌డిస్క్‌లో ఉండకూడదు, ఇంజినీర్ల చేతికి అసలే పోకూడదు. పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి గైడ్ దగ్గర ఉంచండి.

ఇక అల్ట్రాసౌండ్. హెడర్ ఎంత కడిగినా పై పట్టీలో పేరు, తేదీ, ఆస్పత్రి పేరు పిక్సెళ్లలోనే ముద్రపడి ఉంటాయి. బొమ్మ మీద రాత ఉందా లేదా అని చెప్పే (0028,0301) గడిలో ‘నో’ అని ఉన్నా నమ్మకండి. ఒక్కో మెషీన్ మోడల్‌కు పట్టీ ఎన్ని వరుసలుందో కొలిచి, ఆ పిక్సెళ్లను సున్నా చేయండి. క్లిప్ అయితే ప్రతి ఫ్రేములోనూ చేయాలి. స్లైడులో నల్ల డబ్బా అతికిస్తే లాభం లేదు, ఎవరైనా దాన్ని పక్కకు జరిపితే కింద మునెమ్మగారు ప్రత్యక్షం. సీటీలో రేడియేషన్ ఎంత పడిందో చెప్పే డోస్ రిపోర్ట్ పేజీ కూడా ఇలాంటిదే. సిరీస్‌ల చివర నక్కి ఉంటుంది, నేరుగా తీసి పారేయండి. పేర్లను వాటంతటవే గుర్తుపట్టే టూల్స్‌ను ఒక్కటే నమ్ముకోవద్దు. విదేశీ పేర్లతో నేర్చిన టూల్‌కు చెంగల్రాయులు అనేది పేరని తెలియకపోవచ్చు.

పంపే ముందు 20 మంది ఫైళ్లు తీసి, హెడర్ మొత్తం టెక్స్ట్‌గా దించి, అసలు పేరు, నంబరు కొట్టి వెతకండి. ఫోల్డర్ పేర్లు కూడా చూడండి. లోపల అంతా శుభ్రం చేసి, ఫోల్డర్‌కు రోగి పేరే ఉంచేసే ఘనులున్నారు.

ప్రశ్న: మా అమ్మకు తల ఎమ్మారై తీశారు. పేరు లేకుండా పరిశోధనకు వాడుకుంటామని సంతకం అడుగుతున్నారు. పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: పెట్టవచ్చు, రెండు మాటలు అడిగాక. తల ఎమ్మారైలో మెదడుతో పాటు ముక్కు, పెదవులు, చెంపలు కూడా పడతాయి. వాటినుంచి కంప్యూటర్‌లో ముఖాన్ని కట్టవచ్చు. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది ఎమ్మారైలను వాళ్ల ఫొటోలతో ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌లో పోల్చి చూస్తే 70 మంది సరిగ్గా దొరికిపోయారు. అందుకే బయటికి ఇచ్చేముందు ముఖం భాగాన్ని చెరిపేస్తారు, దాన్ని డీఫేసింగ్ అంటారు. అది చేస్తారా అని అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, స్కాన్లు ఎవరెవరికి వెళ్తాయి అనేది రెండో ప్రశ్న. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సంతకం పెట్టకపోయినా అమ్మగారి వైద్యానికి లోటు రాకూడదు. తర్వాత మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. కాకపోతే స్కాన్ అందరికీ తెరిచిన డేటాసెట్‌లోకి వెళ్లిపోయాక దాన్ని వెనక్కి రప్పించడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: మాది స్కాన్ సెంటర్. వేలూరు డాక్టర్లకు మానిటర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటాం. పరిశోధనకు అవే ఇవ్వవచ్చా?
– ఒక టెక్నీషియన్, చిత్తూరు

జవాబు: పనికిరావు. సీటీలో 4096 దాకా ఉండే ఛాయలు ఫోన్ ఫొటోలో 256కు పడిపోతాయి, కణజాలం సాంద్రతను చెప్పే హెచ్‌యూ విలువలు పోతాయి, పేరు మాత్రం మూలన భద్రంగా ఉంటుంది! పరిశోధనకు డైకామ్ ఫైళ్లే ఇవ్వండి. డాక్టరుగారికి అత్యవసరంగా ఫొటో పంపాల్సి వస్తే ముందు వ్యూయర్‌లో మూలల్లోని రాతను ఆపేయండి, చాలా వాటిలో దానికి బటన్ ఉంటుంది. పంపాక ఫోన్ గ్యాలరీలోనూ, ఫొటోల బ్యాకప్‌లోనూ తీసేయండి. గ్యాలరీలో చెరిపినంత మాత్రాన అన్ని ఫోన్లలో బ్యాకప్ చెరగదు.